నీలం సీసా మీద దుమ్ము

"రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు," అంది పెద్దక్క. "దీనికేం చెప్తావు?"

నర్సు ఒళ్ళో చేతులు పెట్టుకుని గోళ్ళకేసి చూసుకుంటూ కూర్చుంది. ఆస్పత్రి కింది అంతస్తులో విరిగిన మంచాలు పారేసే గది అది. విచారణ ముగిసేదాకా వార్డులో అడుగు పెట్టకూడదు, పిలిచినప్పుడు అందుబాటులో లేకుండా పోకూడదు అని రెండు రోజులుగా పగలంతా ఆమెను అక్కడ కూర్చోబెట్టారు. పన్నెండేళ్ళు ఆ వార్డుకి గొడ్డుచాకిరీ చేసిన మనిషికి దక్కిన ఆసనం తిరగేసిన బకెట్టు.

టైము మూడుంబావు. ఐదింటికి విచారణ నివేదిక పైవాళ్ళ చేతికి పోతుంది. "డ్యూటీలో నిద్రపోయింది" అన్న ఒక్క ముక్క అందులో ఉంటే చాలు, ఆమెకి జైలే.

"ఒకటిన్నరకి కన్ను అంటుకుంది. రెండూ యాభైకి డాక్టరుగారి కేకతో మెలకువొచ్చింది. రాసిచ్చేశాను కదక్కా. ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటారు?"

"నిజం వచ్చేదాకా."

మొన్న మధ్యాహ్నం పసిపిల్లల వార్డులో, నాలుగో తొట్టెలో, మూడు రోజుల పాప చనిపోయింది. కామెర్లు వచ్చిన పాపని నీలం లైటు కింద పడుకోబెట్టారు. ఊపిరి అందక పాప పెదాలు నీలంగా మారిపోయాయి. రెండూ యాభైకి లోపలికొచ్చిన డాక్టరు చూసేసరికి చేయి దాటిపోయింది. చార్టు తీస్తే రెండూ నలభైకి కూడా "పెదాలు గులాబీ" అని నర్సు చేతిరాత. ఆస్పత్రి పెట్టుకున్న విచారణాధికారి, రిటైరైన పోలీసాయన, అందరూ మాజీ అనే మనిషి, ఐదు నిమిషాల్లో తేల్చేశాడు: నర్సు పడుకుంది, లేచాక గడులన్నీ ఒక్కసారే నింపేసింది. నర్సు కూడా తలూపి సంతకం పెట్టింది. ఒప్పుకున్న మనిషి తరఫున పోరాడడం ఎంత కష్టమో నర్సుల సంఘం పంపిన ఈ డిటెక్టివ్‌కి ఇవాళే తెలిసొచ్చింది. ఆమెని అందరూ పెద్దక్క అంటారు. పదకొండేళ్ళు పోలీసు శాఖలో పనిచేసి, ఒక దొంగ సాక్ష్యం మీద సంతకం పెట్టనని బయటికొచ్చేసిన మనిషి.

"ఆ లైటు వెనక చిన్న మీటరుంటుంది," అంది పెద్దక్క. "బిడ్డని పడుకోబెట్టగానే సున్నా చేస్తారు. లైటు ఎంతసేపు వెలిగిందో నిమిషాలతో సహా చూపిస్తుంది. మీ విచారణాధికారి దాని మొహం కూడా చూడలేదు. నేను చూశాను. పాపని పన్నెండింటికి పెట్టారు, రెండూ యాభైకి తీశారు. నూట డెబ్భై నిమిషాలు. అవునా?"

నర్సు తలూపింది.

"ఆరు తొట్టెలకి నాలుగే ఆక్సిజన్ మీటర్లు కొన్నారు మీ వాళ్ళు. పాపకి ఆ మీటరు లేదు కాబట్టి పది నిమిషాలకోసారి లైటు ఆపి కంటితో రంగు చూడాలి. ఆపిన ప్రతిసారీ రెండు నిమిషాలు. పదహారుసార్లు చూస్తే ముప్ఫై రెండు నిమిషాలు లైటు ఆరుంటుంది. నూట డెబ్భైలో ముప్ఫై రెండు తీసెయ్. రెండు గంటల పద్దెనిమిది. లైటు మీటరు మీద సరిగ్గా అదే అంకె. నువ్వు ఒకటిన్నర నుంచి పడుకునుంటే రెండు గంటల ముప్ఫై నాలుగు చూపించాలి. నువ్వు పడుకోలేదు. పదహారుసార్లూ లేచావు, పదహారుసార్లూ లైటు ఆపావు, పదహారుసార్లూ వంగి ఆ పాప మొహం చూశావు. మరెందుకు కనపళ్ళేదు?"

నర్సు మళ్ళీ గోళ్ళకేసి చూసుకుంది. 

"నీ కళ్ళజోడేదీ?"

"పగిలిపోయింది."

"ముక్కలు?"

"పారేశా."

"వార్డులో పన్నెండు జతలిచ్చారు. పదకొండు మీ విచారణాధికారి అలమారలో సీలేసి ఉన్నాయి. నీదొక్కటే లేదు. నీలం లైటుకి తలనొప్పి రాకుండా ఇచ్చిన అద్దాలట. నీలాన్ని ఆపుతాయి, మిగతా రంగుల్ని మార్చవట. మీవాళ్ళని అడిగాను. మొదట్లో కాస్త పసుపుగా అనిపించింది, ఐదు నిమిషాలకి అలవాటైపోయింది అన్నారు. ఎక్కడ చేయించారమ్మా ఆ జోళ్ళు?"

నర్సు చటుక్కున తలెత్తింది. రెండు రోజుల్లో మొదటిసారి ఎదుటి మనిషి కళ్ళలోకి చూసింది.

"మా నాన్న దగ్గరికి మాత్రం వెళ్ళకండక్కా."

పెద్దక్క కళ్ళజోడు ఊసెత్తింది గానీ నాన్న ఊసెత్తలేదు. ఇద్దరికీ ఆ సంగతి ఒకేసారి తట్టింది. నర్సు రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇక అప్పుడు వచ్చింది ఏడుపు, చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ.

"అమ్మ లేకుండా పెంచాడక్కా నన్ను," అంది. "జైలుకి నేను పోతా. నాకేం కాదు. ఆయన్ని మాత్రం వదిలెయ్యండి."

మెట్ల దగ్గర పాప తల్లి కూర్చుని ఉంది. డిశ్చార్జి చీటీ కోసం పొద్దుట్నించీ తిప్పుతున్నారు. పెద్దక్కని చూసి, ఎవరో ఏమిటో తెలియకపోయినా అడిగింది: "ఆవిడ నిద్రపోయిందట కదండీ. నేను పక్క గదిలోనే ఉన్నా. పాలు పడక మెలకువగానే ఉన్నా. కాసేపు నువ్వొచ్చి కూర్చోమ్మా అంటే కూర్చునేదాన్ని కదా."

పెద్దక్క ఆమె చెయ్యి పట్టుకుని ఒక్క నిమిషం నిలబడి, బయటికి వెళ్ళిపోయింది.

కళ్ళద్దాల వర్క్‌షాపు రెండు వీధుల అవతలే. మూడూ నలభైకి తలుపు తోసేసరికి ఆ మాజీ ముందే వచ్చి కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బల్ల మీద టైపు చేసిన కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను.

"రావమ్మా కానిస్టేబులమ్మా," అన్నాడు మాజీ. "కందకి లేని దురద కత్తిపీటకెందుకో గానీ, ఎక్కడికెళ్ళినా నా వెనకే."

"ముందొచ్చినవాళ్ళే వెనకుంటారు సార్, ఒక్కోసారి. ఏంటా కాగితం?"

"మేస్త్రిగారి వాంగ్మూలం. అద్దాల్లో ఏ లోపమూ లేదని. నివేదికకి జతచేస్తే పని పూర్తి."

కిటికీ దగ్గర ఎత్తు పీట మీద కూర్చుని ఉన్నాడు మేస్త్రి. అరవై ఏడేళ్ళు. వేళ్ళకి ఎన్నేళ్ళ రంగో, కడిగినా పోని పసుపు. నలభై ఏళ్ళుగా అద్దాలకి రంగు ముంచడం తప్ప ఇంకో పని తెలీని మనిషి. ఆయన కూతురే ఆ నర్సు.

"కూర్చోమ్మా," అన్నాడు. "ఆ నల్ల సంచి మాత్రం ఆ బల్ల మీద పెట్టకు. మరకలంటుతాయి."

పెద్దక్క తన చేతిలోని సంచివంక చూసుకుంది. అది నీలం సంచి. ముదురు నీలమే, కానీ నీలం. బల్ల మీద పెట్టకుండా భుజానికి తగిలించుకుంది.

"సంతకం పెట్టబోతున్నావా పెద్దాయనా?"

"పెట్టకేం? నా అద్దం తప్పు చెయ్యదు. తప్పు చేసింది నా కడుపున పుట్టింది." ఆయన గొంతు వణకలేదు, అదే భయంగా ఉంది. "పసిబిడ్డ పక్కన నిద్రపోయానని దాని నోటితో అదే చెప్పింది. రెండు రోజులైంది దానితో మాట్లాడి. అది వండి పెడితే నేను ముట్టలేదు."

"ఒక్క పావుగంట ఆగు. నీ పని నాకు చూపించు. ఆ తర్వాత నీ ఇష్టం."

మాజీ నిట్టూర్చాడు. గడియారం చూసుకున్నాడు. మేస్త్రి మాత్రం లేచాడు. పని చూపించమంటే లేవని పనివాడు ఎక్కడైనా ఉంటాడా?

రంగు గది చిన్నది. స్టవ్వు మీద రెండు స్టీలు గిన్నెలు, అద్దాలని ముంచే పొడుగు పట్టుకార్లు, కిటికీ పక్కన తెల్ల అట్ట.

"పసుపు ముంచడం ఎవడైనా ముంచుతాడు," అన్నాడు మేస్త్రి. "నీలం కాంతిని ఆపేది అదే. కానీ ఒట్టి పసుపు అద్దంలోంచి చూస్తే లోకమంతా కామెర్లొచ్చినట్టుంటుంది. అందుకని పసుపు తర్వాత నీలం గిన్నెలో ముంచాలి. ఎంత? లెక్కలేదు. అద్దం ఈ తెల్లట్ట మీద పెట్టి చూస్తా. అట్ట తెల్లగా కనపడేదాకా కొంచెం కొంచెం ముంచుతా. తెల్లది తెల్లగా కనపడిందంటే ఇక ప్రతి రంగూ దాని రంగులోనే ఉంటుంది. అదీ పని."

"పది రోజుల కింద ఆస్పత్రి కోసం చేసిన లాట్ కూడా అంతేనా?"

"ఆ లాట్‌కి కొత్త కంపెనీ పసుపు వాడా. భలే సరుకు. నీలం అవసరమే పళ్ళేదు. ముంచగానే నీళ్ళలా తేలిపోయింది."

పెద్దక్క అలమార దగ్గరికి వెళ్ళింది. రెండు పెద్ద సీసాలు పక్కపక్కన ఉన్నాయి. పసుపు సీసా మూత జిగటగా, మెడ చుట్టూ కారిన మరకలతో, సగం ఖాళీగా ఉంది. నీలం సీసా నిండుగా ఉంది. దాని మూత మీద దుమ్ము. వేలితో గీస్తే గీత పడింది. పదిరోజుల దుమ్ము కాదది. నెలల దుమ్ము.

పెద్దక్క ఇంతవరకూ ఎవడో ఒక దొంగ దొరుకుతాడనుకుంది, కల్తీ సరుకు అమ్మినవాడో, అడ్డదారి తొక్కిన యజమానో. దొరికితే కాలర్ పట్టుకుందామనుకుంది. ఇక్కడ చేతికి దొరికింది పక్కన నిలబడ్డ ముసలాయన.

"ప్రతి లాట్‌కీ ఒక జత మచ్చుకి దాచుకుంటావా?"

"దాచకపోతే మేస్త్రినెట్టా అవుతా?" సొరుగు లాగి ఒక జత తీసిచ్చాడు.

పెద్దక్క దాన్ని తెల్లట్ట మీద పెట్టింది. పక్కనే రంగు ముంచని ఉత్త అద్దం పెట్టింది. కిటికీలోంచి పగటి వెలుగు నేరుగా పడుతోంది.

"ఈ రెంటిలో తేడా చెప్పు."

మేస్త్రి వంగాడు. దగ్గరగా, దూరంగా, తల పక్కకి వంచి, మళ్ళీ దగ్గరగా చూశాడు. తీరిగ్గా, గర్వంగా చూశాడు.

"తేడా ఏముంది? రెండూ నీళ్ళే."

"అదేంటయ్యా?" అన్నాడు వెనకనుంచి మాజీ. ఎప్పుడొచ్చి గుమ్మంలో నిలబడ్డాడో. "అది పచ్చి పసుపు కదా. ఆముదంలా ఉంది."

అన్నాక తెలిసింది ఆయనకి తన నోటివెంట ఏమొచ్చిందో. నాలుక్కరుచుకున్నాడు. రెండు రోజులుగా కట్టుకున్న గోడని తన కాలితో తనే తన్నేసుకున్నాడు.

మేస్త్రి రెండు అద్దాలనీ మళ్ళీ మార్చి మార్చి చూశాడు.

"ఏది బాబూ?" అన్నాడు మేస్త్రి మెల్లిగా. "ఏది పసుపు?"

మాజీ చూపు తిప్పుకున్నాడు. పెద్దక్క మేస్త్రి పసుపు వేలిని పట్టుకుని ఆ జత మీద పెట్టింది.

"నీ కంట్లో శుక్లం ముదిరింది పెద్దాయనా. నీ కన్నే పసుపు అద్దమైపోయింది. పసుపు కంటికి పసుపు కనపడదు. నీలం కనపడదు. నా సంచి నలుపు కాదు."

ఆయన ఆమె భుజాన ఉన్న సంచివంక చూశాడు. చూసి, చూసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. నలభై ఏళ్ళు నమ్ముకున్న కన్ను. ఇంతలా మోసం చేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

"పాప పెదాలు..." అన్నాడు.

"నీలమయ్యాయి. ఈ అద్దంలోంచి చూస్తే ఆ నీలం కనపడదు. పదహారుసార్లు చూసింది నీ కూతురు. పదహారుసార్లూ బాగున్నట్టే కనపడింది. డాక్టరు కేకేశాక జోడు తీసి చూసింది. అప్పుడు అర్థమైంది దానికి."

"దానికి తెలుసా?"

"తెలుసు. తెలిసే నిద్రపోయానని రాసిచ్చింది."

మేస్త్రి అక్కడే ఉన్న పీట మీద కూలబడ్డాడు. "నా ముందు నిలబడి తిట్లన్నీ తింది," అన్నాడు. "బిడ్డని చంపినదానివి, నా ఇంట్లో నీళ్ళు కూడా తాగొద్దన్నా. గ్లాసు కింద పెట్టేసింది. ఒక్క మాట అనలేదమ్మా. ఒక్క మాట..."

మాజీ గొంతు సవరించుకున్నాడు. వృత్తి గొంతు మళ్ళీ వచ్చేసింది. "సరే. ముద్దాయి మారాడంతే. నర్సు స్థానంలో మేస్త్రి. నివేదిక ఐదింటికే ఇస్తా."

"రాసుకోండి," అన్నాడు మేస్త్రి వెంటనే. "నేనే. దాన్ని వదిలెయ్యండి."

"రాయనివ్వను," అంది పెద్దక్క.

ఆమె గొంతు ఎప్పుడూ పెద్దదే. ఈసారి తగ్గింది. తగ్గినప్పుడే భయపడాలని ఆమెతో పనిచేసిన మాజీకి గుర్తుండాలి. విసురుగా మూలకి వెళ్ళి గుడ్డ కప్పిన మిషను మీంచి ఆ గుడ్డ లాగి పారేసింది. అద్దంలోంచి ఏ కాంతి ఎంత పోతుందో కొలిచే మిషను అది. తీగ ఊడి వేలాడుతోంది. పక్కన మేకుకి గుచ్చిన ఆఖరి పరీక్ష చీటీ మీద తేదీ పదకొండు నెలల కిందటిది.

"పదకొండు నెలలుగా ఇది చచ్చి పడుంది. మరి ఈ లాట్ చీటీల మీద 'మిషనుతో పరీక్షించాం' అని ముద్ర ఎవడేశాడు? ఈ షాపు యజమాని ఇప్పుడు ఊళ్ళో లేడు. కొనేముందు ఒక్క జత కాగితం మీద పెట్టి చూడని ఆస్పత్రివాళ్ళు ఎవరు? ఆరు తొట్టెలకి నాలుగు మీటర్లు చాలన్నదెవరు? అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. చివరికి ఉరుమురిమి ఎవరి మీద పడాలి? కూతురు మీద, కాకపోతే తండ్రి మీద. ముసలాడి కన్ను మసకేయడం నేరం కాదు సార్. మిషను చెయ్యాల్సిన పని ఆ కంటి నెత్తిన పెట్టడం నేరం."

"నీకు ఉద్యోగం పోయింది ఇందుకే," అన్నాడు మాజీ.

"మీకు పోనిదీ ఇందుకే."

ఆయన మొహం ఎర్రబడింది. కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయి ఆగాడు. చూపు మళ్ళీ తెల్లట్ట మీదికే పోయింది. చూడకుండా ఉండడం ఆయన వల్ల కాలేదు.

"అమ్మా," అన్నాడు మేస్త్రి.

ఇద్దరూ ఆయనవైపు తిరిగారు. ఆయన ఏడవడం లేదు. లేచి నిలబడి, గోడకి తగిలించిన డెలివరీ పుస్తకం తీసి చేత్తో తడుముతున్నాడు.

"మచ్చుకి దాచింది కాక లాట్‌లో ఇరవై నాలుగు జతలు ముంచా. పన్నెండు మా అమ్మాయి వార్డుకి. మిగతా పన్నెండు..." పేజీని కంటికి ఆనించుకున్నాడు. "ఇవాళ పొద్దున పోయాయమ్మా. ఏటి అవతల ప్రసూతి ఆస్పత్రికి. అక్కడా పసిబిడ్డలే."

నాలుగూ పది.

పెద్దక్క సంచిలో ఫోను కోసం వెతికేలోపే మాజీ తన ఫోను తీశాడు. ఆ ఆస్పత్రి నంబరు ఆయన దగ్గర ఉంది. ఒక్క మాటా మాట్లాడకుండా నొక్కి, స్పీకరు పెట్టి, తెల్లట్ట పక్కన పెట్టాడు. 

"పసిపిల్లల వార్డు, చెప్పండి."

"సిస్టర్," అంది పెద్దక్క. "కొత్త కళ్ళజోళ్ళు పెట్టుకున్నారా?"

"ఆఁ, పొద్దుట్నించీ. హాయిగా ఉన్నాయండీ, తలనొప్పే లేదు. ఎవరు మాట్లాడేది?"

"తీసెయ్యండి. అందరూ తీసెయ్యండి. నీలం లైట్లన్నీ ఆపి, ఉత్త కళ్ళతో ఒక్కొక్క బిడ్డ పెదాలు చూడండి. ఎందుకని అడక్కండి. చూస్తూ నాకు చెప్పండి."

ఆ గొంతులో ఏముందో అవతలి మనిషికి అర్థమైంది. స్విచ్చి చప్పుడు. అడుగులు.

"మొదటి తొట్టె, గులాబీ. రెండోది, గులాబీ." అడుగులు. "మూడోది..."

మాట ఆగిపోయింది. ఫోను ఎక్కడో కిందపడ్డ శబ్దం, ఎవరో డాక్టరుని పిలుస్తూ పరుగెత్తడం, ఇనుప బల్ల కీచుమని కదిలిన మోత.

మాజీ కళ్ళు మూసుకున్నాడు. పెద్దక్క ఫోను మీదికి వంగింది.

మేస్త్రి తెల్లట్టని రెండు చేతులతో గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. ఆయన కళ్ళు ఒకరి మొహం మీంచి ఇంకొకరి మొహం మీదికి తిరుగుతున్నాయి.

"ఏ రంగు చెప్పిందమ్మా?" అన్నాడు. "మూడోదానికి ఏ రంగు చెప్పింది?"